పెట్టుబడులు ఆశించినంత పెరగనప్పుడు రిటైర్మెంట్ ప్రణాళికను ఎలా సవరించుకోవాలి

ఉద్యోగ విరమణ నాలుగైదేళ్ల దూరంలో ఉండగా, అందుకోసం కూడబెడుతున్న సొమ్ము అనుకున్న లెక్కకు చేరేలా లేదని తెలిస్తే కొందరు స్టేట్‌మెంట్లు తెరవడమే మానేస్తారు. మరికొందరు తగ్గినదాన్ని తొందరగా రాబట్టుకోవాలని ఇంకా ప్రమాదకరమైన చోట డబ్బు పెడతారు. రెండో పని మొదటిదానికంటే ఎక్కువ నష్టం చేస్తుంది. రాబడి మీ చేతిలో లేదు. నెల ఖర్చు, విరమణ తేదీ, ఇప్పుడు దాచే మొత్తం, విరమణ తర్వాత ఏటా తీసుకునే మొత్తం మాత్రం చాలావరకు మీ చేతిలోనే ఉన్నాయి కాబట్టి సవరణ అక్కడ మొదలుకావాలి.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా ప్రైవేటు ఉద్యోగాల్లో ఉన్న, 50 నుంచి 60 ఏళ్ల మధ్య వయసున్న వారి కోసం. 2004 సెప్టెంబరు 1 నుంచి ప్రభుత్వ ఉద్యోగంలో చేరి సీపీఎస్ (ఉద్యోగి వాటా కూడా కట్టే పింఛను పథకం) కిందికి వచ్చినవారికి కూడా ఇందులో చాలా భాగం పనికి వస్తుంది. అయితే వారికి విరమణ వయసు ప్రభుత్వమే నిర్ణయిస్తుంది కాబట్టి (ఆంధ్రప్రదేశ్‌లో 62, తెలంగాణలో 61) తేదీని వాయిదా వేసుకునే వీలు ఉండదు.

మొదటి మెట్టు: ఉన్నది ఉన్నట్టు రాసుకోండి

ఒక కాగితం మీద మీ ఆస్తులన్నీ ఈ రోజు విలువతో రాయండి. ఈపీఎఫ్ (ఉద్యోగుల భవిష్య నిధి) పాస్‌బుక్ యూఏఎన్‌తో, అంటే మీ పీఎఫ్ ఖాతా నంబరుతో దొరుకుతుంది. మ్యూచువల్ ఫండ్లన్నింటికీ కలిపి ఒకే కన్సాలిడేటెడ్ స్టేట్‌మెంట్‌ను క్యామ్స్, కేఫిన్‌టెక్ సంస్థలు ఉచితంగా మెయిల్‌కు పంపుతాయి. పీపీఎఫ్ (ప్రజా భవిష్య నిధి), ఎన్‌పీఎస్ (జాతీయ పింఛను పథకం), బ్యాంకు డిపాజిట్లు, షేర్లు, బీమా పాలసీల సరెండర్ విలువ, మీరు కడుతున్న చీటీలు కూడా చేర్చండి.

మన కుటుంబాల్లో ఈ లెక్క తప్పేది ఎక్కువగా స్థలాల దగ్గరే. ఊరి శివారు వెంచర్‌లో ఎప్పుడో కొన్న ప్లాటుకు బ్రోకరు నోట విన్న ధర రాసుకుంటే కాగితం మీద నిధి పెద్దదిగానే కనిపిస్తుంది, కానీ అవసరం పడినప్పుడు ఆ ధరకు కొనేవాడు దొరకడు. మూడు నాలుగు నెలల్లో నిజంగా అమ్మగలిగే ధర ఎంతో అదే రాయండి. అమ్మే ఉద్దేశమే లేకపోతే ఆ ప్లాటును రిటైర్మెంట్ నిధిలో చేర్చవద్దు. మీరు ఉంటున్న ఇల్లు, ఇంట్లోని బంగారం కూడా అంతే. విదేశాల్లో ఉన్న పిల్లలు పంపుతామన్న డబ్బును ఆదాయంగా రాయవద్దు. వారి మాట మీద అనుమానంతో కాదు, వారి ఉద్యోగాలూ ఒడుదొడుకులకు లోనవుతాయి కాబట్టి.

రెండో మెట్టు: తగ్గింది ఎందుకో తేల్చండి

రాబడి తగ్గడానికి మూడు కారణాలు ఉండవచ్చు. ఒక్కొక్కదానికి మందు వేరు.

ఒకటి, మార్కెట్ మొత్తం పడిపోవడం. సెన్సెక్స్ 2008 జనవరిలో 21 వేలు దాటి, 2009 మార్చి నాటికి 8 వేల స్థాయికి జారింది. మళ్లీ 21 వేల దగ్గరకు చేరింది 2010 నవంబరులో. ఇలాంటి పతనంలో మీ ఫండ్ కూడా దాదాపు అంతే పడి ఉంటే తప్పు ఫండ్‌ది కాదు, అప్పుడు దాన్ని అమ్మితే కాగితం మీది నష్టం నిజమైన నష్టమవుతుంది.

రెండు, మీరు ఎంచుకున్న ఫండో షేరో వెనకబడటం. దీన్ని ఏడాది రాబడి చూసి తేల్చకూడదు. ఆ ఫండ్ తాను పోల్చుకునే మార్కెట్ సూచీతో పోలిస్తే, డివిడెండ్లు కలిపిన లెక్కలో, గత ఐదేళ్లు ఎలా నడిచిందో చూడండి. వరుసగా వెనకబడి ఉంటే, ఇకపై కట్టే సిప్‌ను (నెలనెలా పెట్టే పెట్టుబడిని) తక్కువ ఖర్చున్న ఇండెక్స్ ఫండ్‌కు, అంటే మార్కెట్ సూచీనే అనుసరించే ఫండ్‌కు మార్చి, పాత యూనిట్లను పన్ను చూసుకుంటూ విడతల వారీగా తరలించవచ్చు. 2024 జులై 23 నుంచి ఈక్విటీ (షేర్లలో పెట్టే) ఫండ్లపై దీర్ఘకాలిక లాభంలో ఏడాదికి 1.25 లక్షల రూపాయలు దాటిన భాగానికి 12.5 శాతం పన్ను ఉంది కాబట్టి, రెండు మూడు ఆర్థిక సంవత్సరాలకు విస్తరించి మార్చడం లాభం. నష్టానికి అమ్మవలసి వస్తే గడువులోపు రిటర్న్ వేయండి. అలా వేస్తేనే ఆ నష్టాన్ని 8 ఏళ్ల పాటు ముందుకు తీసుకెళ్లి రాబోయే లాభాల్లోంచి మినహాయించుకోవచ్చు. ఏజెంటు ద్వారా కొన్న రెగ్యులర్ ప్లాన్లలో కమీషను ఏటా మీ నిధి నుంచే పోతుందన్న సంగతి కూడా ఈ సందర్భంలోనే చూసుకోవాలి.

మూడో కారణం ఎక్కువ మంది ఒప్పుకోవడానికి ఇష్టపడనిది. పెట్టుబడి బాగానే నడిచింది, మీ అంచనాయే ఎక్కువ. ఏ ప్రచార కాగితంలోనో చూసిన 15 శాతం రాబడిని మొత్తం నిధికి అన్వయించుకుని ఉంటారు. నిజానికి మీ సొమ్ములో సగం పైగా ఈపీఎఫ్‌లోనూ పీపీఎఫ్‌లోనూ ఉండి ఉంటుంది. ఈపీఎఫ్ వడ్డీ 2023-24, 2024-25 సంవత్సరాలకు 8.25 శాతం. పీపీఎఫ్ వడ్డీ 2020 ఏప్రిల్ నుంచి 7.1 శాతమే. సంప్రదాయ ఎండోమెంట్ పాలసీలు అంతకంటే తక్కువే ఇస్తాయి. ఇవి చెడ్డవని కాదు, వీటినుంచి ఈక్విటీ రాబడిని ఆశించడం తప్పు. ఈ కారణం మీదైతే మార్చవలసింది ఫండ్‌ను కాదు, లెక్కలో వేసుకున్న రేటును.

మూడో మెట్టు: లోటును రూపాయల్లో కొలవండి

‘నా పోర్ట్‌ఫోలియో 18 శాతం పడింది’ అనే మాటతో ఏ నిర్ణయమూ తీసుకోలేము. విరమణ నాటికి ఎంత కావాలి, ఎంత చేరుతుంది, మధ్య తేడా ఎంత అన్న మూడు అంకెలు కావాలి. ఒక ఊహాత్మక ఉదాహరణతో లెక్క కట్టి చూద్దాం. మీ అంకెలు వేసుకోవడానికి ఇదే పద్ధతి సరిపోతుంది.

హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగి వయసు 54. విరమణ 58 ఏళ్లకు. పిల్లల చదువు, ఇంటి వాయిదాలు తీసేస్తే భార్యాభర్తల నెల ఖర్చు నేడు 60 వేలు. ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయనుకుంటే నాలుగేళ్ల తర్వాత అదే జీవనానికి దాదాపు 75,700 కావాలి. అప్పటికి ఇంటి పై అంతస్తు అద్దె, ఈపీఎస్ (పీఎఫ్‌తో పాటు ఉండే ఉద్యోగుల పింఛను పథకం) పింఛను కలిపి 16 వేలు వస్తాయనుకుందాం. మిగిలిన సుమారు 60 వేలు, అంటే ఏడాదికి 7.2 లక్షలు, నిధి నుంచి రావాలి.

నిధి నుంచి తొలి ఏడాది ఎంత శాతం తీసుకుని, ఆపై ధరలతో పాటు పెంచుకుంటూ పోతే అది జీవితాంతం నిలుస్తుందన్నది తర్వాతి ప్రశ్న. 1994లో విలియం బెంగెన్ అనే అమెరికన్ ప్లానర్ అక్కడి మార్కెట్ చరిత్రతో లెక్కకట్టి, 30 ఏళ్ల విరమణ జీవితానికి 4 శాతం అని తేల్చాడు. మన దేశంలో ధరల పెరుగుదల ఎక్కువ, ఆయన వాడిన చరిత్ర మనది కాదు. అందుకని నేను 3.5 శాతం వేసుకోమంటాను. ఆ లెక్కన 7.2 లక్షలకు దాదాపు 2.06 కోట్ల నిధి అవసరం.

ఇక ఉన్నది ఎంత? మన ఉదాహరణలోని ఉద్యోగి ప్రణాళిక ప్రకారం ఈ రోజుకు 1.35 కోట్లు ఉండాలి, ఉన్నది 1.10 కోట్లు. నెలకు 30 వేలు దాస్తున్నారు. మునుపు వేసుకున్న 10 శాతాన్ని పక్కనపెట్టి, ఈపీఎఫ్ ఎక్కువగా ఉన్న నిధికి తగినట్టు 8 శాతం వేసుకుంటే, 58 నాటికి 1.66 కోట్లు చేరతాయి. లోటు 40 లక్షలు.

ఈ లెక్కలో రెండు లొసుగులు ఉన్నాయి, గుర్తుంచుకోండి. ఈపీఎస్ పింఛను ధరలతో పాటు ఏటా పెరగదు. నిధి నుంచి తీసుకునే సొమ్ముపై పన్ను ఇందులో చేర్చలేదు. రెండూ లోటును పెంచేవే కాబట్టి, చివరకు తేలిన అంకె మీద కొంత మిగులు ఉండేలా చూసుకోవాలి.

నాలుగో మెట్టు: లోటును దేనితో పూడ్చవచ్చో ఒక్కొక్కటిగా పరీక్షించండి

ముందు, చేయకూడని దారి ఎంత కష్టమో చూడండి. మిగతావేవీ మార్చకుండా కేవలం రాబడితోనే 40 లక్షలు పూడ్చాలంటే మొత్తం నిధి నాలుగేళ్ల పాటు ఏటా 14 శాతానికి పైగా పెరగాలి. ఈపీఎఫ్‌లో ఉన్న సొమ్ము 8 శాతం దగ్గరే ఆగుతుంది కాబట్టి మిగిలిన భాగం ఇంకా చాలా ఎక్కువ తేవాలి. ఈ ఒత్తిడిలోనే మనుషులు స్నేహితుడు చెప్పిన నెలకు 2 శాతం వడ్డీ పథకాలకు లొంగుతారు. అగ్రిగోల్డ్ డిపాజిటర్ల అవస్థ రెండు తెలుగు రాష్ట్రాలూ చూశాయి.

ఇప్పుడు ఖర్చు. నేటి లెక్కలో నెలకు వెయ్యి రూపాయల ఖర్చు శాశ్వతంగా తగ్గితే, 58 నాటికి కావలసిన నిధి దాదాపు 4.33 లక్షలు తగ్గుతుంది. వెయ్యి రూపాయలకు ఇంత బరువు ఉంటుందని చాలామంది ఊహించరు. పై ఉదాహరణలో నెల ఖర్చు 60 వేల నుంచి 51 వేలకు దిగితే, విరమణ తేదీ మార్చకుండానే 1.66 కోట్లతో సరిపోతుంది. అయితే కోతను కాగితం మీద రాసి నమ్మవద్దు. కనీసం ఆరు నెలలు ఆ బడ్జెట్‌తో నిజంగా బతికి చూడండి. రెండో కారు, ఎవరూ చూడని ఓటీటీ చందాలు వంటి వాటిని తగ్గించడం తేలిక. మందులు, ఆరోగ్య బీమా ప్రీమియం, పనిమనిషి జీతం తగ్గించబోతే ఆరు నెలలు తిరక్కుండానే మళ్లీ మొదటికి వస్తుంది. పిల్లల పెళ్లి ఖర్చును ఈ నిధి నుంచి తీయాలనుకుంటే అది కోత కాదు, మరో పెద్ద లోటు. ఆ విషయం ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి.

తర్వాత తేదీ. విరమణను 60కి వాయిదా వేస్తే ఏమవుతుంది? నిధి ఆరేళ్లు పెరిగి 2.01 కోట్లకు చేరుతుంది. కానీ ఈ రెండేళ్లలో ధరలూ పెరుగుతాయి. నేటి 60 వేల ఖర్చు అప్పటికి 85 వేలు దాటుతుంది. అద్దె, పింఛను కలిపి 18 వేలు వచ్చినా నిధి అవసరం 2.30 కోట్లు అవుతుంది. అంటే రెండేళ్లు అదనంగా పనిచేసినా ఇంకా 29 లక్షలు తక్కువే. వాయిదా ఒక్కటే అన్నింటికీ పరిష్కారమనే నమ్మకం ఇక్కడ తేలిపోతుంది.

అందుకే మూడింటినీ కొద్దికొద్దిగా కలపాలి. విరమణ 60కి, నెల ఖర్చు 60 వేల నుంచి 55 వేలకు, దాచే మొత్తం 30 వేల నుంచి 40 వేలకు మారిస్తే నిధి దాదాపు 2.10 కోట్లు అవుతుంది, కావలసింది 2.06 కోట్లు. లోటు తీరి కొంచెం మిగులుతుంది. ఈ మూడింటిలో ఏదీ ఒక్కటిగా భరించలేనిది కాదు. 60 వరకు అదే ఉద్యోగంలో ఉండనివ్వకపోతే, తక్కువ జీతానికైనా కన్సల్టెన్సీ, బోధన, పార్ట్‌టైం లెక్కల పని వంటివి ఆ రెండేళ్ల ఇంటి ఖర్చు వరకు ఇచ్చినా చాలు. అప్పుడు కొత్తగా దాచలేకపోవచ్చు, నిధిని మాత్రం ముట్టుకోనక్కర్లేదు.

వాయిదాతో మరో చిన్న లాభం ఉంది. ఈపీఎస్ పింఛనును 58కి తీసుకోకుండా 60 వరకు ఆపితే ఏడాదికి 4 శాతం చొప్పున పెరుగుతుంది. ఎన్‌పీఎస్ ఖాతాను కూడా 60 నిండగానే మూసేయనక్కర్లేదు, కొనసాగించవచ్చు. మార్కెట్ పడిపోయి ఉన్న ఏడాదిలో 60 నిండినవారికి ఇది నిజంగా ఉపయోగం.

అదనంగా దాచేది ఎక్కడ పెట్టాలి? సమయం నాలుగైదేళ్లే కాబట్టి ఈపీఎఫ్‌లో స్వచ్ఛంద చందా తొలి ఎంపిక. ఏడాదికి మీ వాటా 2.5 లక్షలు దాటితే ఆ పై భాగం వడ్డీకి పన్ను పడుతుందన్నది గుర్తుంచుకోండి.

ఐదో మెట్టు: విరమణకు అటూ ఇటూ ఉన్న ఐదేళ్లను కాపాడుకోండి

పెట్టుబడి తగ్గడం కంటే, తగ్గుతున్నప్పుడు దాన్నుంచి డబ్బు తీయడం ప్రమాదం. ఇద్దరు చెరో కోటి రూపాయలతో విరమించి, ప్రతి ఏడాది మొదట్లో 5 లక్షలు తీసుకున్నారనుకోండి. మొదటివారికి తొలి రెండేళ్లు 20, 10 శాతం నష్టాలు, ఆపై 20, 20, 15 శాతం లాభాలు వచ్చాయి. రెండోవారికి ఇవే అంకెలు తలకిందుల వరుసలో వచ్చాయి. ఐదేళ్ల తర్వాత మొదటివారి దగ్గర దాదాపు 85 లక్షలు, రెండోవారి దగ్గర 96 లక్షలు మిగులుతాయి. డబ్బు తీయకుండా ఉంటే ఇద్దరికీ సమానంగా 1.19 కోట్లు ఉండేవి. తేడా తెచ్చింది వరుస మాత్రమే.

మార్కెట్ ఎప్పుడైనా కోలుకుంటుందన్న మాట విరమణ చేసినవారికి చాలదు. జపాన్ నిక్కీ సూచీ 1989 చివర చేరిన స్థాయిని మళ్లీ దాటింది 2024 ఫిబ్రవరిలో. మన మార్కెట్‌కూ అలా జరుగుతుందని కాదు, అయినా అన్నం పెట్టే సొమ్మును ఆ ఆశ మీద ఉంచకూడదు.

కాబట్టి విరమణకు మూడేళ్ల ముందు నుంచే ఏటా కొంత కొంతగా ఈక్విటీ నుంచి తరలించి, రెండు మూడేళ్ల ఇంటి ఖర్చుకు సరిపడే మొత్తాన్ని డిపాజిట్లలోనో స్వల్పకాలిక డెట్ ఫండ్లలోనో (బాండ్లలో పెట్టే ఫండ్లు) ఉంచండి. ఇప్పటికే మార్కెట్ పడి ఉంటే ఒక్కసారిగా కాక, ఆరేడు విడతల్లో తీయండి. ఆ తర్వాతి ఖర్చు కోసం 60 నిండినవారికి సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ ఉంది. గరిష్ఠ పరిమితి 30 లక్షలు, 2025లో వడ్డీ 8.2 శాతం. పూర్తి మొత్తం పెడితే మూడు నెలలకు 61,500 రూపాయలు చేతికి వస్తాయి, పన్ను మాత్రం ఉంటుంది. భార్యాభర్తలిద్దరికీ అర్హత ఉంటే విడివిడిగా ఖాతాలు తెరవవచ్చు. పదవీ విరమణ చేసిన ఉద్యోగులు 55 నిండగానే, ప్రయోజనాల సొమ్ము చేతికందిన మూడు నెలల్లోపు ఇందులో చేరవచ్చు. మిగిలిన భాగం ఈక్విటీలోనే ఉండనివ్వండి. 85 ఏళ్ల వయసులో ధరలకు తట్టుకోవాలంటే అది కావాలి.

ఇప్పటికే విరమించి ఉంటే

విరమణ తర్వాత రాబడి పడిపోతే రెండు నియమాలు చాలు. నిధి విలువ గత ఏడాది కంటే తగ్గిన ఏడాదిలో, తీసుకునే మొత్తాన్ని ధరల పెరుగుదల మేరకు పెంచవద్దు, గత ఏటి మొత్తమే తీసుకోండి. ఏడాదికి తీసుకునేది నిధిలో 5 శాతం దాటితే, ఆ ఏడాది తీసుకునే మొత్తంలో పదో వంతు కోయండి. నిధి తగ్గిన ఏడాది ఖర్చు కూడా ఈక్విటీ నుంచి కాక, ముందే పక్కనపెట్టిన డిపాజిట్ల నుంచి తీయండి. మార్కెట్ లేచాక వాటిని మళ్లీ నింపుకోండి.

వయసు 70 దాటాక నిధి పలచబడుతుంటే, కొంత భాగంతో తక్షణ యాన్యుటీ (ఒకేసారి సొమ్ము కడితే బీమా సంస్థ జీవితాంతం ఇచ్చే పింఛను) కొనడం ఆలోచించదగ్గది. వయసు పెరిగేకొద్దీ యాన్యుటీ రేటు పెరుగుతుంది కాబట్టి 60లో కొన్నదానికంటే ఎక్కువ వస్తుంది. సొంతిల్లు తప్ప మరేమీ మిగలని పరిస్థితిలో బ్యాంకుల రివర్స్ మార్ట్‌గేజ్ ఉంది. ఇల్లు అమ్మకుండానే, అందులో ఉంటూనే నెలనెలా డబ్బు తీసుకోవచ్చు. మన దగ్గర ఇల్లు పిల్లలకు చెందవలసిందేనన్న భావన వల్ల దీన్ని ముట్టుకునేవారు తక్కువ. ముట్టుకోవలసి వస్తే పిల్లలకు ముందే చెప్పండి.

ఆసుపత్రి ఖర్చు ఒక్కటే ఈ లెక్కలన్నింటినీ తుడిచేయగలదు. కంపెనీ ఇచ్చే బీమా ఉద్యోగంతో పోతుంది. కాబట్టి విరమణకు కనీసం మూడేళ్ల ముందే సొంత పాలసీ తీసుకోండి, ఎందుకంటే ముందునుంచీ ఉన్న జబ్బులకు గరిష్ఠంగా 3 ఏళ్ల నిరీక్షణ కాలం ఉంటుంది. 70 నిండినవారికి 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ భారత్ కింద ఆదాయంతో సంబంధం లేకుండా కుటుంబానికి 5 లక్షల రక్షణ ఉంది. దాన్ని నమోదు చేయించుకోండి కానీ సొంత పాలసీ మానేయకండి.

ఆఖరి మెట్టు: కొత్త ప్రణాళికను రాసి పెట్టండి

సవరించిన విరమణ తేదీ, నెల ఖర్చు, దాచే మొత్తం, నేటి నిధి విలువ, వేసుకున్న రాబడి రేటు ఒకే కాగితం మీద రాసి, భార్య లేదా భర్తతో కలిసి చదివి సంతకాలు చేసుకోండి. ఖాతాలన్నింటిలో నామినీల పేర్లు సరిగ్గా ఉన్నాయో లేదో అప్పుడే చూడండి. ఏటా ఏప్రిల్‌లో ఈ లెక్క మళ్లీ వేయండి. మధ్యలో తెరవవలసిన సందర్భాలు మూడే: ఉద్యోగం పోవడం, పెద్ద అనారోగ్యం, లేదా నిధి విలువ కాగితం మీది అంకె కంటే 15 శాతానికి మించి తగ్గడం. ఈ మూడోది జరిగినప్పుడు వెంటనే ఏదీ అమ్మకండి, కొనకండి. మూడో మెట్టులోని లోటు లెక్కను కొత్త అంకెలతో వేసి, ఖర్చు, తేదీ, పొదుపులలో దేన్ని ఎంత కదపాలో నిర్ణయించుకోండి.